పక్క మడినీ చూడాలి: విత్తన ప్రయోగ క్షేత్రాల సందర్శన



విత్తన సంస్థలూ వ్యవసాయ పరిశోధన స్థానాలూ తాము పెంచుతున్న కొత్త రకాలను, పంట కోతకు కొద్ది రోజుల ముందు రైతులకు పొలంలోనే చూపించే రోజును క్షేత్ర దినోత్సవం అంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో సార్వా, అంటే ఖరీఫ్ వరికి ఈ దినోత్సవం సాధారణంగా నవంబరు చుట్టుపక్కల, దాళ్వా, అంటే రబీ వరికీ మొక్కజొన్నకూ మార్చి చుట్టుపక్కల వస్తుంది. కంపెనీ పేరు రాసిన బోర్డులు, షామియానా, శాస్త్రవేత్తల ప్రసంగాలు, కరపత్రాలు, మధ్యాహ్న భోజనం, వీటన్నిటి నడుమ రైతు రాబోయే పంటకు ఏ విత్తనం కొనాలో ఆ గట్ల మీదనే చాలావరకు నిర్ణయించుకుంటాడు. ఒక ఏడాది పెట్టుబడి, కౌలు, కుటుంబం చాకిరీ ఆ నిర్ణయం మీద ఆధారపడి ఉంటాయి కనుక, ప్రయోగ క్షేత్రాన్ని ఎలా చూడాలన్నది పంటను ఎలా పండించాలన్నంత ముఖ్యమైన విషయం. పచ్చగా, ఏపుగా, బరువైన వెన్నులతో నిలబడిన ఒక మడిని చూసి ఆనందించడం వేరు, ఆ మడి నుంచి ఒక నిజాన్ని గ్రహించడం వేరు. నిజం తెలిసేది పోలికలోనే కనుక, గెలిచిన మడి ఎంత ముఖ్యమో దాని పక్కన ఓడిన మడి కూడా అంతే ముఖ్యం.

ఈ ప్రాంతానికి ప్రయోగ క్షేత్రాలు కొత్త కావు. పెనుమంట్ర మండలంలోని మారుటేరులో వరి పరిశోధన 1925లో మొదలైంది. దేశంలోని వరి రైతులు ఎం.టి.యు. అనే అక్షరాలతో గుర్తించే రకాలన్నీ ఆ ఊరి పేరుతో వెలువడినవే. ఏలూరుకు సమీపాన పెదవేగిలో ఆయిల్ పామ్ కోసం జాతీయ పరిశోధన సంస్థ 1995లో ఏర్పడింది. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో స్థాపితమై, ఇప్పుడు డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయంగా కూరగాయలు, పండ్లు, కొబ్బరి, దుంప పంటల మీద పనిచేస్తున్నది. ప్రైవేటు రంగంలో చూస్తే, ఇప్పటి ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు పట్టణం పేరుతో 1973లో ఆరంభమైన విత్తన సంస్థ, తరువాత హైదరాబాదు కేంద్రంగా దేశంలోని పెద్ద విత్తన సంస్థలలో ఒకటిగా ఎదిగింది. పలు విత్తన కంపెనీలు ఏలూరు చుట్టుపక్కల మండలాలలో రైతుల పొలాల్లోనే హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాన్ని ఉత్పత్తి చేయిస్తున్నాయి. దీనినే ఇక్కడి రైతులు సీడ్ మొక్కజొన్న అంటారు. ఈ విధంగా ప్రభుత్వ ప్రయోగ మడులూ కంపెనీల ప్రదర్శన మడులూ ఒకదానికొకటి ఎంతో దూరంలో లేని ప్రాంతం ఇది.

అయితే ఇంత చిన్న పరిధిలోనే నేల స్వభావం మూడు విధాలుగా మారుతుంది. చింతలపూడి, జంగారెడ్డిగూడెం, ద్వారకాతిరుమల వైపు మెట్ట భూములలో ఎర్ర నేలలు, గరప నేలలు ఎక్కువ. నీరు త్వరగా ఇంకిపోతుంది, సేద్యం బోర్ల మీద నడుస్తుంది. తాడేపల్లిగూడెం దక్షిణాన కాలువల కింది డెల్టాలో నల్లని బంకమట్టి నేలలు. నీరు సమృద్ధి, మురుగు తీయడమే సమస్య. ఇంకా పల్లానికి పోతే కొల్లేరు ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి వాగులూ అనేక మురుగు కాలువలూ నీటిని చేరుస్తుంటే, ఉప్పుటేరు ఒక్కటే ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. అయిదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు గల రేఖ వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరుకు రామ్‌సర్ చిత్తడి నేలగా అంతర్జాతీయ గుర్తింపు లభించింది. సరస్సు అంచు గ్రామాలలో వరదకు చేలు రోజుల తరబడి మునగడమూ, వేసవిలో ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నడమూ రైతులు ఎరిగిన విషయాలే. కనుక మెట్టలో ఒక కంపెనీ చూపించిన ఫలితం డెల్టాకు వర్తిస్తుందనీ, డెల్టాలో చూపించినది కొల్లేరు పల్లానికి వర్తిస్తుందనీ ముందే అనుకోవడానికి వీలులేదు. క్షేత్ర దినోత్సవంలో రైతు వేయవలసిన మొదటి ప్రశ్న ఇక్కడే పుడుతుంది: ఈ రకాన్ని ఎటువంటి నేలలో, ఎటువంటి నీటి వసతిలో, ఎన్ని సంవత్సరాలు పరీక్షించారు?

క్షేత్ర దినోత్సవాలలో కనిపించే మడులు రెండు రకాలు. ఒకటి ప్రదర్శన క్షేత్రం. రైతుకు పరిచయం చేయడం కోసం ఒక రకాన్ని అరెకరంలోనో ఎకరంలోనో మంచి యాజమాన్యంతో పెంచి చూపించడం దీని లక్ష్యం. రెండవది ప్రయోగ క్షేత్రం. ఇందులో పది, ఇరవై, ఒక్కొక్కసారి అంతకన్న ఎక్కువ రకాలను చిన్న చిన్న మడులలో, ఒకే తేదీన నాటి, ఒకే మోతాదులో ఎరువు వేసి, ఒకే విధంగా నీరు పెట్టి పెంచుతారు. ప్రతి రకాన్ని ఒక్క మడిలో కాక మూడు నాలుగు చోట్ల వేస్తారు. దీనిని పునరావృత్తి అంటారు. ఏ రకం ఏ మడిలోకి వెళ్లాలో చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయిస్తారు. కారణం స్పష్టమే. ఒకే పొలంలో కాలువ గట్టు పక్కన సారం ఒక విధంగా, మురుగు బోదె పక్కన మరొక విధంగా ఉంటుంది. మంచి మూలలో పడిన ఒక్క మడిని చూసి రకం గొప్పదనుకుంటే, ఆ పొగడ్త రకానికి కాక నేలకు చెందుతుంది. 1843లో స్థాపితమైన ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్ అనే శాస్త్రవేత్త ఈ పద్ధతికి గణిత శాస్త్రపు పునాది వేశాడు. నేటికీ ప్రపంచంలో ఎక్కడ పంట ప్రయోగం జరిగినా పునరావృత్తి, యాదృచ్ఛిక అమరిక అనే ఆ రెండు సూత్రాల మీదనే నడుస్తుంది. ప్రదర్శన క్షేత్రం ఒక రకం ఎంత బాగా పండగలదో చూపుతుంది. ఇతర రకాల కన్న అది మెరుగా కాదా అన్నది ప్రయోగ క్షేత్రం మాత్రమే చెప్పగలదు. చూస్తున్నది ఈ రెండింటిలో ఏదో తెలుసుకోకుండా మాట నమ్మడం తొందరపాటు అవుతుంది.

ప్రయోగ క్షేత్రంలో శాస్త్రవేత్తలు చెక్ అని పిలిచే మడి ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. చెక్ రకం అంటే ఆ ప్రాంతపు రైతులు ఇప్పటికే విస్తారంగా పండిస్తున్న, గుణదోషాలు అందరికీ తెలిసిన రకం. కొత్త రకం ఎకరాకు ఇన్ని బస్తాలు ఇచ్చిందన్న మాటకు విడిగా అర్థం లేదు. అదే పొలంలో, అదే ఏడాది, అదే యాజమాన్యంలో చెక్ రకం ఎంత ఇచ్చిందో పక్కన చెప్పినప్పుడే దానికి అర్థం ఏర్పడుతుంది. ఈ నియమం వరికే పరిమితం కాదు. అమెరికాలో 1932లో ఆరంభమైన ఆల్ అమెరికా సెలక్షన్స్ అనే సంస్థ పూల, కూరగాయల విత్తనాలను అనేక తోటలలో పరీక్షించేటప్పుడు, ప్రతి కొత్త రకాన్ని అంగడిలో అప్పటికే ఉన్న సమానమైన రకాల పక్కన పెంచి పోల్చి, మెరుగైన వాటికే గుర్తింపు ఇస్తుంది. మన దేశంలో 1965 నుంచి హైదరాబాదులోని రాజేంద్రనగర్ కేంద్రంగా నడుస్తున్న అఖిల భారత సమన్వయ వరి పరిశోధన పథకంలో కొత్త రకాలకు పేర్లు తొలగించి సంఖ్యలు మాత్రమే ఇచ్చి, వేర్వేరు రాష్ట్రాలలో చెక్ రకాలతో పాటు పరీక్షిస్తారు. పేరు తెలియకపోవడం వల్ల ఏ కేంద్రం వారి రకమన్న పక్షపాతానికి చోటు తగ్గుతుంది. ఆపై రైతుల పొలాలలో మినీకిట్ల ద్వారా, అంటే కొద్ది కిలోల విత్తనపు సంచులను పంచి, రైతు సొంత యాజమాన్యంలో మరల పరీక్షిస్తారు.

గోదావరి జిల్లాలలో దశాబ్దాల పాటు వరికి చెక్‌గా నిలిచిన రకం స్వర్ణ. మారుటేరులో వశిష్ఠ, మసూరి రకాల సంకరంతో రూపొంది 1982లో విడుదలైన ఎం.టి.యు. 7029 అనే ఈ రకం, దాదాపు అయిదు నెలల కాలపరిమితితో సార్వాకు సరిపడి, తక్కువ నత్రజనితోనూ నమ్మకమైన దిగుబడి ఇవ్వడం వల్ల ఆంధ్రదేశాన్ని దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్, బీహార్ వరకు, బంగ్లాదేశ్ పొలాల వరకు వ్యాపించింది. ఇంతటి రకానికీ లోపాలున్నాయి: సుడిదోమను తట్టుకోలేదు, వరదలో మునిగితే నిలవలేదు. ఆ లోపాల కారణంగానే తరువాతి రకాలకు దారి ఏర్పడింది. దాళ్వాకు అనువైన స్వల్పకాలిక రకం కాటన్‌దొర సన్నాలు (ఎం.టి.యు. 1010) కృష్ణవేణి, ఐ.ఆర్. 64 రకాల సంకరంతో పుట్టి 2000లో వచ్చింది. దోమను తట్టుకునే విజేత, ఇంద్ర, అమర వంటివి ఆ వరుసలోవే. సార్వాకు కొత్త రకం వచ్చిన ప్రతిసారీ స్వర్ణ పక్కన నిలబడి తన మేలును నిరూపించుకోవలసి వచ్చిందంటే, ఒక మంచి చెక్ రకం ఎంతటి కొలబద్దో అర్థమవుతుంది.

సుడిదోమ పరీక్షలో చెక్ రకాల పాత్ర మరింత స్పష్టంగా కనిపిస్తుంది. వరి దుబ్బుల అడుగున నీటికి కాస్త పైన గుంపులుగా చేరి రసం పీల్చే ఈ గోధుమ రంగు దోమ, చేను మధ్యలో సుడులు సుడులుగా ఎండబెడుతుంది కనుకనే దానికి ఆ పేరు వచ్చింది. తట్టుకునే రకాలను గుర్తించడానికి ట్రేలలో ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క రకం నారు పెంచి, వాటి మీద దోమ పిల్లలను వదులుతారు. ఆ వరుసల మధ్య టి.ఎన్. 1 అనే రకాన్ని, దోమకు తొందరగా లొంగిపోతుందని తెలిసే వేస్తారు, పి.టి.బి. 33 అనే రకాన్ని దోమను తట్టుకుంటుందని తెలిసి వేస్తారు. టి.ఎన్. 1 మొక్కలు దాదాపు అన్నీ చనిపోయిన రోజున మాత్రమే మిగిలిన వరుసలకు మార్కులు వేస్తారు. టి.ఎన్. 1 చావకపోతే దోమ ఉధృతి సరిపోలేదని అర్థం. అటువంటప్పుడు పచ్చగా మిగిలిన ఏ రకానికీ తట్టుకునే గుణం ఉన్నట్లు నిర్ధారణ కాదు. అంటే ఆ ట్రేలో చనిపోవడానికే నాటిన వరుస లేకుండా బతికిన వరుసకు సాక్ష్యం లేదు. ఒక కంపెనీ ప్రతినిధి మా రకానికి దోమ రాలేదని చెప్పినప్పుడు, పక్క మడిలో దోమ వచ్చిందా అని అడగడం ఎందుకు అవసరమో దీనిని బట్టి తెలుస్తుంది. ఆ ఏడాది ఆ ఊరికే దోమ రాకపోతే, రాలేదన్న మాట నిజమే అయినా రకం గురించి ఏమీ చెప్పదు.

కొల్లేరు పల్లపు రైతులకు ఇదే సూత్రం వరద విషయంలో వర్తిస్తుంది. ఒడిశాకు చెందిన ఒక దేశవాళీ వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్. 13 ఎ అనే రకంలో మునకను తట్టుకునే జన్యువు ఉన్నట్లు శాస్త్రవేత్తలు కనుగొన్నారు. సబ్ 1 ఎ అని పిలిచే ఆ జన్యువు వివరాలు 2006లో ప్రచురితమయ్యాయి. మామూలు వరి నీట మునిగినప్పుడు గాలి కోసం పైకి సాగే ప్రయత్నంలో తనలో నిల్వ ఉన్న పిండిపదార్థాన్ని ఖర్చు చేసుకుని, నీరు తీసేసరికి నీరసించి పడిపోతుంది. ఈ జన్యువు గల వరి ఎదుగుదలను తాత్కాలికంగా ఆపుకుని, శక్తిని పొదుపు చేసుకుని, నీరు తీసిన తరువాత తిరిగి చిగురిస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఈ జన్యువును స్వర్ణలోకి చేర్చి రూపొందించిన స్వర్ణ సబ్ 1 భారతదేశంలో 2009లో విడుదలైంది; రెండు వారాల వరకు పూర్తి మునకను తట్టుకోవడం దాని ప్రత్యేకత. ఇక్కడ సందర్శకుడు గమనించవలసిన సంగతి ఒకటుంది. వరద రాని ఏడాది స్వర్ణ మడి, స్వర్ణ సబ్ 1 మడి పక్కపక్కన ఉంటే కంటికి దాదాపు తేడా కనిపించదు. ఎత్తైన పొలంలో మురుగు బాగా పోయే చోట నడిపిన ప్రదర్శనను చూసి ఈ రెండింటిలో ఏది కొల్లేరు అంచు పొలానికి పనికివస్తుందో ఎవరూ చెప్పలేరు. ఏ కష్టాన్ని తట్టుకోవాలని రకాన్ని తయారు చేశారో ఆ కష్టం క్షేత్రానికి వచ్చినప్పుడే పరీక్ష పరీక్ష అవుతుంది.

ఇక గట్టు మీద నిలబడి మడిని చూడవలసిన తీరు. మడి అంచు వరుసలకు గాలి, వెలుతురు, ఎరువు ఎక్కువగా అందుతాయి కనుక, అక్కడి దుబ్బులు లోపలి దుబ్బుల కన్న ఎక్కువ పిలకలు వేసి, బరువైన వెన్నులు తీస్తాయి. అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల మడిలో 20 సెంటీమీటర్ల దూరంలో నాటితే మొత్తం 500 దుబ్బులు పడతాయి. అందులో 86 దుబ్బులు అంచు వరుసలలోనే ఉంటాయి. అంటే మడిలో ఆరో వంతు పంట, పొలం మొత్తానికి ప్రతినిధి కాని పంట. అందుకే శాస్త్రవేత్తలు అంచు వరుసలను వదిలి లోపలి పంటనే తూకం వేస్తారు. సందర్శకులు కూడా గట్టు పక్కన వెన్నును పట్టుకుని మురిసిపోవడం కాక, అనుమతి తీసుకుని నాలుగు వరుసలు లోపలికి వెళ్లి, దుబ్బును రెండు చేతులతో విడదీసి, పిలకలలో ఎన్ని వెన్ను వేశాయో, వెన్ను అడుగు భాగంలో గింజ నిండిందో తాలు పోయిందో, కాండం మొదట్లో పొడ తెగులు మచ్చలున్నాయో లేవో చూడాలి. మడిలో ఒకటి రెండు మొక్కలు మిగతా వాటి కన్న పొడవుగానో, ముందుగా ఈనినట్లుగానో కనిపిస్తే అవి బెరుకులు, అంటే వేరే రకపు కల్తీ మొక్కలు. ప్రదర్శన మడిలోనే బెరుకులు కనిపిస్తే, సంచిలో వచ్చే విత్తనపు స్వచ్ఛత గురించి అడగడానికి అది తగిన ఆధారం.

దిగుబడి అంకెలను కూడా అదే శ్రద్ధతో చూడాలి. పంట కోత ప్రయోగంలో సాధారణంగా అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల చదరాన్ని కోసి, నూర్చి, తూచి, ఎకరానికి లెక్కకడతారు. ఎకరంలో ఇటువంటి చదరాలు సుమారు 162 ఉంటాయి. కనుక ఆ చిన్న చదరంలో ఒక్క కిలో అటూ ఇటూ అయితే ఎకరానికి 162 కిలోలు, అంటే 75 కిలోల బస్తాల లెక్కన రెండు బస్తాలకు పైగా తేడా వస్తుంది. తాడు కాస్త వదులుగా కట్టినా, మంచి చోటును ఎంచుకున్నా ఆ రెండు బస్తాలు పుట్టుకొస్తాయి. తేమ కూడా అంకెను మారుస్తుంది. కోసిన వెంటనే 20 శాతం తేమతో తూచి ఎకరాకు 40 బస్తాలని చెప్పిన దిగుబడి, 14 శాతం తేమకు ఆరబెట్టి లెక్కిస్తే 37 బస్తాలకు కొద్దిగా పైన తేలుతుంది. ఎన్ని మడులలో కోశారు, ఎంత తేమ వద్ద తూచారు అనే రెండు ప్రశ్నలకు జవాబు లేని అంకెను కాగితం మీద రాసుకోనక్కరలేదు.

పొలంలో కంటికి కనిపించని గుణాలూ ఉంటాయి. తుపానుకు చేను పడిపోయి నీటిలో నానినప్పుడు వెన్ను మీదనే గింజ మొలకెత్తడం కోస్తా రైతులకు ఏళ్ల తరబడి ఉన్న బాధ. పక్వానికి వచ్చిన గింజ కొన్ని వారాల పాటు మొలకెత్తకుండా ఉండే గుణాన్ని నిద్రావస్థ అంటారు. రెండు మూడు వారాల నిద్రావస్థ గల రకం ఈ ప్రాంతానికి కొంత రక్షణ. మిల్లులో నూకశాతం, అన్నం నాణ్యత, ఆ ధాన్యానికి స్థానిక వ్యాపారులిచ్చే ధర, ఇవన్నీ మడిని చూసి తెలుసుకునేవి కావు, అడిగి తెలుసుకోవలసినవి. దిగుబడి ఎక్కువైనా మిల్లరు కొనని ధాన్యం రైతుకు లాభం కాదు.

హైబ్రిడ్ల విషయంలో మరొక అవగాహన అవసరం. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు జనక వరుసల సంకరంతో పుట్టిన మొదటి తరం విత్తనం. సీడ్ మొక్కజొన్న పొలంలో ఆడ వరుసలు కొన్ని, వాటి మధ్య మగ వరుసలు కొన్ని నాటి, ఆడ మొక్కల తలపై వచ్చే మగ పూతను పుప్పొడి రాలకముందే చేతితో లాగివేస్తారు. అప్పుడు ఆడ మొక్క కండెల మీద పడేది పక్క వరుసల పుప్పొడి మాత్రమే. బయటి మొక్కజొన్న పుప్పొడి గాలికి కొట్టుకురాకుండా చుట్టూ కనీసం 200 మీటర్ల ఎడం ఉంచాలని విత్తన ధ్రువీకరణ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆడ వరుసలలో ఒక్క పూత తీయడం మరిచినా సంచిలో కల్తీ చేరుతుంది. ఆ పూత తీసేవారిలో ఎక్కువమంది మహిళా కూలీలు. దేశంలో ఎక్కడో వేసే పంట స్వచ్ఛత ఏలూరు జిల్లా ఎండలో వారు చేసే పని మీద ఆధారపడి ఉందన్నది గుర్తింపు పొందవలసిన సంగతి. హైబ్రిడ్ పంట నుంచి దాచుకున్న గింజలు మరుసటి ఏడాది ఆ గుణాలను నిలుపుకోవు. జనకుల లక్షణాలు విడిపోయి చేను ఎగుడుదిగుడుగా వస్తుంది.

ఈ విడిపోవడం అన్నది ఏమిటో పెదవేగి ఆయిల్ పామ్ తోటలలో ఒక కాయను అడ్డంగా కోస్తే కళ్ళకు కడుతుంది. డ్యూరా అనే రకం కాయలో పెంకు మందంగా, నూనెనిచ్చే గుజ్జు పలుచగా ఉంటుంది. పిసిఫెరా అనే రకంలో పెంకు ఉండదు, కాని దాని ఆడ పూత సాధారణంగా కాయ కట్టదు. ఈ రెండింటి సంకరమైన టెనెరాలో పెంకు పలుచగా, దాని చుట్టూ నల్లని పీచుల వలయంతో, గుజ్జు మందంగా ఉంటుంది. రైతులు పెంచవలసింది టెనెరానే. కాని టెనెరా చెట్ల మధ్య సంకరంతో రాలిన గింజలను మొలకెత్తించి మొక్కలుగా అమ్మితే, వాటిలో సగం మాత్రమే టెనెరా అవుతాయి; పావు వంతు డ్యూరా, పావు వంతు పిసిఫెరా అవుతాయి. నారు మొక్కగా ఉన్నప్పుడు ఈ మూడూ చూపుకు ఒకేలా ఉంటాయి. నాలుగో ఏట గెలలు కోతకు వచ్చేవరకు రైతుకు మోసం తెలియదు, తెలిసేసరికి పాతికేళ్ల పాటు ఉండవలసిన తోట భూమిలో వేళ్లూనుకుని ఉంటుంది. వరి రకం తప్పయితే నష్టం ఒక పంట. చెట్టు రకం తప్పయితే నష్టం ఒక తరం. కనుక దీర్ఘకాలిక పంటల ప్రయోగ తోటకు వెళ్లినవారు చెట్టు కన్న ముందు, మొక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే రికార్డును చూపమని అడగాలి.

ప్రయోగ క్షేత్రంలో విన్న మాటకు చట్టంలోనూ కొంత బలం ఉంది. 1966 నాటి విత్తనాల చట్టం ప్రకారం ప్రకటిత రకాల సంచి మీద మొలక శాతం, స్వచ్ఛత వంటి కనీస ప్రమాణాల వివరాలు ఉండాలి. బ్రీడరు విత్తనానికి బంగారు పసుపు చీటీ, పునాది విత్తనానికి తెల్ల చీటీ, ధ్రువీకృత విత్తనానికి నీలి చీటీ, సంస్థ తన సొంత బాధ్యత మీద అమ్మే సత్యాంకిత విత్తనానికి లేత ఆకుపచ్చ చీటీ ఉంటాయి. ప్రైవేటు హైబ్రిడ్లలో అధిక భాగం ఈ చివరి కోవలోవే. 2001లో వచ్చిన మొక్కల రకాల సంరక్షణ, రైతుల హక్కుల చట్టం మరికొంత ముందుకు వెళ్లింది. ఆ చట్టం కింద నమోదైన రకాన్ని అమ్మేటప్పుడు, ఏ పరిస్థితులలో అది ఎంత పనితీరు చూపగలదో రైతుకు వెల్లడించాలని, ఆ పరిస్థితులలోనే అది విఫలమైతే రైతు పరిహారం కోరవచ్చునని ఆ చట్టంలోని 39వ విభాగం చెబుతున్నది. కంపెనీ ముద్ర వేసి అమ్మడం తప్ప, తాను పండించిన విత్తనాన్ని దాచుకునే, తిరిగి నాటుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు కూడా అదే విభాగం రైతుకు ఇచ్చింది. కనుక క్షేత్ర దినోత్సవంలో పంచిన కరపత్రాన్ని పారవేయకుండా, కొన్న విత్తనపు బిల్లు, సంచి మీది చీటీ, గుప్పెడు విత్తనంతో పాటు పంట చేతికి వచ్చేవరకు భద్రపరచాలి. మాటకు కాక కాగితానికే విలువ ఉండే సందర్భాలు రైతు జీవితంలో తక్కువ కావు.

విత్తన సంస్థలు కూడా ఆలోచించవలసిన విషయం ఉంది. తమ రకాన్ని మాత్రమే నాటి, దానికి మాత్రమే ఎరువు పెట్టి, పక్కన పోలికకు ఏమీ లేకుండా ప్రదర్శన నడపడం వల్ల ఒక ఏడాది అమ్మకాలు పెరగవచ్చు, కాని నమ్మకం పెరగదు. స్థానిక చెక్ రకాన్ని అదే శ్రద్ధతో పెంచి, తమ రకం ఎక్కడ ఓడిందో కూడా బోర్డు మీద రాసే సంస్థ మాటను రైతులు మరుసటి ఏడాది వెతుక్కుంటూ వచ్చి వింటారు. కొల్లేరు అంచున ఒక మడి, డెల్టా నడుమ ఒక మడి, మెట్టలో ఒక మడి పెట్టి మూడింటినీ చూపగలిగితే, అది ఈ ప్రాంతానికి చేసిన నిజమైన సేవ అవుతుంది.

ఈ సీజనులో క్షేత్ర దినోత్సవానికి వెళ్లే రైతు సోదరులు, సోదరీమణులు ఒక చిన్న పుస్తకం, ఒక కొలత టేపు వెంట తీసుకువెళ్లాలని, చెక్ రకం ఏది, ఎన్ని చోట్ల ఎన్ని సంవత్సరాలు పరీక్షించారు, ఎక్కడ ఓడిపోయింది అనే మూడు ప్రశ్నలు వేసి జవాబులు రాసుకోవాలని విజ్ఞప్తి. ఎంత నచ్చిన రకమైనా మొదటి ఏడాది పొలం మొత్తం వేయకుండా, పది సెంట్లలోనో ఇరవై సెంట్లలోనో, తమ అలవాటైన రకం పక్కనే, ఒకే రోజున నాటి, రెండింటినీ విడివిడిగా కోసి తూచుకోవాలి. మారుటేరు, పెదవేగి, వెంకట్రామన్నగూడెం శాస్త్రవేత్తలు నూరు మడులలో చేసే పనిని ప్రతి రైతూ రెండు మడులలో చేయవచ్చు. తన నేలలో, తన నీటితో, తన చేతితో తూచిన అంకె కన్న నమ్మదగిన సిఫారసు ఏ విత్తనానికీ లేదు.